కేస్ షీటులో ఒక్క పంక్తి

గుంటూరులో మాలాంటి కుటుంబాలు వీధికి పది ఉంటాయి. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా వారు మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఖాతాలు చూస్తారు. ఇద్దరి జీతాలూ కలిపితే ఏడాదికి 5 లక్షలు దాటుతుంది కాబట్టి ఆరోగ్యశ్రీ మాకు వర్తించదు. ప్రభుత్వ ఉద్యోగులం కాము కాబట్టి ఉద్యోగుల వైద్య పథకమూ లేదు. పెద్ద జబ్బు వస్తే సొంత డబ్బుతో గట్టెక్కే స్థోమత అసలే లేదు. అందుకే 2022లో ఒక ప్రైవేటు కంపెనీ దగ్గర కుటుంబమంతటికీ కలిపి 5 లక్షల ఆరోగ్య బీమా తీసుకున్నాం. ఫోనులోనే ప్రశ్నలు అడిగారు, ఫోనులోనే జవాబులు చెప్పాం. పరీక్షలేవీ అక్కర్లేదన్నారు. ఏటా ప్రీమియం, దానిపైన 18 శాతం జీఎస్టీ, ఒక్కరోజు ఆలస్యం లేకుండా కట్టాం.

2025 ఫిబ్రవరిలో, కొత్త పంట యార్డుకు వస్తున్న రోజుల్లో, మా వారికి రాత్రిపూట గుండెల్లో బరువు మొదలైంది. చొక్కా తడిసిపోయేంత చెమట. మరిది కారులో కొత్తపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నేను అత్తయ్యను పక్కింటి పిన్నిగారికి అప్పగించి ఆటోలో వెనకే వెళ్లాను. నేను వెళ్లేసరికి ఈసీజీ తీశారు. అడ్వాన్స్ కట్టమంటే కౌంటర్ దగ్గర నిలబడ్డాను. అదే సమయంలో లోపల డ్యూటీ డాక్టర్ మరిదిని వివరాలు అడుగుతున్నారు. మరో గంటలో యాంజియోగ్రామ్, వెంటనే ఒక స్టెంట్. వైద్యం చేసినవారిని నేను ఒక్క మాట అనను. సమయానికి చేశారు, మనిషిని నిలబెట్టారు.

తెల్లవారాక బీమా కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి పిలిచింది. "మేడమ్, కంపెనీ నుంచి క్వెరీ వచ్చింది. సార్‌కు బీపీ పదేళ్ల నుంచి ఉందట కదా, మొదట చూపించుకున్న చీటీ కావాలంటున్నారు." ఆయనకు బీపీ లేదన్నాను. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా కేస్ షీటు మొదటి పేజీ నా వైపు తిప్పింది. డ్యూటీ డాక్టర్ చేతిరాత. పేరు, వయసు, ఛాతీ నొప్పి, చెమటలు, ఆ కింద 'హెచ్‌టీఎన్', అంటే బీపీ, పక్కనే 'పదేళ్లు'. అంత హడావిడిలోనూ ఆ పంక్తి మాత్రం స్పష్టంగా ఉంది.

మరిదిని అడిగితే సంగతి తేలింది. ఇంట్లో బీపీ, షుగర్ ఉన్నాయా అని డాక్టర్ అడిగారట. "అమ్మకు బీపీ పదేళ్ల నుంచి ఉంది డాక్టర్ గారూ, అన్నయ్య ఎప్పుడూ మందు వేసుకోలేదు" అని చెప్పాడట. అత్తయ్య బీపీ కొడుకు ఖాతాలో పడింది. అర్ధరాత్రి, ప్రాణాపాయం, ఒకే డాక్టర్, ఎదురుగా ముగ్గురు రోగులు. అలాంటప్పుడు ఒక పంక్తి తప్పు పడటం పెద్ద విషయమేమీ కాదు. ఆ ఒక్క పంక్తి మీద ఒక కుటుంబం మూడేళ్లు కట్టిన సొమ్ము విలువ తేల్చేయడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నగదు రహిత చికిత్సకు అడిగితే గంటలోగా జవాబు చెప్పాలని, డిశ్చార్జ్ సమయంలో మూడు గంటల్లోగా తుది అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఆదేశించింది. మా విషయంలో గంటలోగా వచ్చింది ప్రశ్న. ప్రశ్నకు జవాబు పంపితే మరో ప్రశ్న. గుండె డాక్టర్ గారు స్వయంగా తన లెటర్‌హెడ్ మీద, రోగికి ఇంతకుముందు రక్తపోటు ఉన్న దాఖలా లేదని, అది తల్లి ఆరోగ్య వివరమని, పొరపాటున నమోదైందని రాసి సంతకం చేసిచ్చారు. అయినా డిశ్చార్జ్ రోజున తిరస్కరించారు. 'ముందే ఉన్న జబ్బును పాలసీ తీసుకునేటప్పుడు వెల్లడించలేదు' అన్నది కారణం.

బిల్లు 2 లక్షల 30 వేలకు కాస్త అటూ ఇటూగా వచ్చింది. నా గాజులు, గొలుసు బ్యాంకులో పెట్టి కట్టాం. ఆ బిల్లులో నాకు ఊరటనిచ్చిన పద్దు ఒక్కటే, స్టెంట్ ధర. నలభై వేల చుట్టుపక్కల ఉంది. ఒకప్పుడు ఇదే స్టెంట్‌కు లక్ష, లక్షన్నర తీసుకునేవారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరకు గరిష్ఠ పరిమితి పెట్టి, మందు పూత ఉన్న స్టెంట్‌ను 30 వేల లోపుకు దించింది. తర్వాత కొంచెం పెరిగింది గానీ పరిమితి మాత్రం పోలేదు. బీమా కంపెనీ చేయి ఎత్తేసిన రోజున కూడా ప్రభుత్వం ఏనాడో తీసుకున్న ఆ నిర్ణయం మాకు లక్ష రూపాయల దాకా మిగిల్చింది. దానికి మేం దరఖాస్తు పెట్టలేదు, ప్రీమియం కట్టలేదు, అర్హత నిరూపించుకోలేదు.

ఇంటికి వచ్చాక డబ్బు తిరిగి చెల్లించమని అన్ని కాగితాలూ జతచేసి కంపెనీకి పంపాను. మళ్లీ అదే జవాబు, అక్షరం పొల్లు పోకుండా. మా వారు మంచం మీదనుంచే ఆ ఉత్తరం చదివి అన్న మాట ఇది. "మా దగ్గర రైతు టిక్కీ, అదే మిర్చి బస్తా, పెట్టే రోజునే తేమ చూస్తాం. అద్దె అంతా తీసుకుని, సరుకు వెనక్కి అడిగిన రోజున తేమ ఉందని ఇవ్వనంటే రైతు ఊరుకుంటాడా?" ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. పాలసీ అమ్మేటప్పుడు బీపీ చూడటానికి అయిదు నిమిషాలు చాలు. అప్పుడు చూడరు. సొమ్ము ఇవ్వవలసి వచ్చినప్పుడు మాత్రం పదేళ్ల వెనక్కి వెళ్లి వెతుకుతారు. ఎడతెగకుండా అయిదేళ్లు పాలసీ నడిస్తే ఆ తర్వాత మోసం రుజువైతే తప్ప ఇలాంటి కారణం చూపకూడదని నిబంధన ఉంది. మాది మూడో ఏడు కాబట్టి ఆ రక్షణ మాకు లేదు.

ఇక్కడి నుంచి చేసినదంతా వివరంగానే రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందుగా కంపెనీలోని ఫిర్యాదుల అధికారికి రాయాలి. అది చేయకుండా పైకి వెళితే తీసుకోరు. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేశాను. దానివల్ల ఫిర్యాదుకు ఒక సంఖ్య వస్తుంది, తేదీలతో సహా ఆధారం ఉంటుంది. నెల రోజుల్లో కంపెనీ జవాబు చెప్పకపోయినా, చెప్పిన జవాబు మనకు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. పైసా రుసుము లేదు. వకీలు అక్కర్లేదు, పెట్టుకోనివ్వరు కూడా. 50 లక్షల రూపాయల వరకు వివాదాలను విచారిస్తారు. కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోగా వెళ్లాలి.

తిరస్కరణను లిఖితపూర్వకంగా, పాలసీలోని ఏ షరతు ప్రకారమో తెలిపేలా తీసుకోవడం చాలా ముఖ్యం. ఆసుపత్రి కౌంటర్‌లో "రిజెక్ట్ అయింది మేడమ్" అన్న నోటిమాటతో ఇంటికి పోయేవారిని నా కళ్లతో చూశాను. ఒక రైతు కుటుంబం అలాగే లేచి వెళ్లిపోయింది. ఆ మాటతోనే అంతా ముగిసిందనుకున్నారు. ఆసుపత్రిలో ముందస్తు అనుమతి నిరాకరించడం వేరు, క్లెయిమ్‌ను తిరస్కరించడం వేరు. మొదటిది జరిగినా బిల్లు కట్టి క్లెయిమ్ పెట్టుకోవచ్చు. ఈ మాట వారికి ఎవరూ చెప్పలేదు. కేస్ షీటు పూర్తి నకలు అడిగి తీసుకోవడం రోగి హక్కు. రోగిని చేర్చిన రాత్రే మొదటి పేజీ చదవమని ఇప్పుడు నేను అందరికీ చెబుతున్నాను.

మా వాదనకు బలం ఊహించని చోట దొరికింది. మా వారు ఏళ్ల తరబడి రక్తదానం చేస్తున్నారు. రక్తం తీసుకునే ముందు ప్రతిసారీ బీపీ చూసి రాస్తారు, ఎక్కువ ఉంటే వెనక్కి పంపేస్తారు. ఆ సంగతి గుర్తుకు వచ్చి రక్తనిధికి వెళ్లి అడిగితే, పాలసీ తీసుకోవడానికి ముందరి నమోదులు తీసి ఇచ్చారు. అన్నిటిలోనూ బీపీ మామూలుగానే ఉంది. అక్కడి ఉద్యోగి పాత రిజిస్టర్లు ఒక్కొక్కటే దింపి వెతికి, నకళ్ల మీద ముద్ర వేసి, "మీ సార్ మాకు తెలుసమ్మా" అన్నారు. నా కళ్లు చెమర్చాయి. ఎవరో ముక్కూ మొహం తెలియని రోగికి ఆయన ఇచ్చిన రక్తం, ఆయన మాట నిజమని చెప్పడానికి సాక్ష్యంగా నిలిచింది.

విచారణ వీడియోలో జరిగింది. ఒక పక్క కంపెనీ ప్రతినిధి, ఒక పక్క మేం. అంబుడ్స్‌మన్ కంపెనీని అడిగిన ప్రశ్నలు సూటిగా ఉన్నాయి. కేస్ షీటులోని పంక్తి తప్ప మీ దగ్గర వేరే ఆధారం ఏముంది? పదేళ్లుగా జబ్బు ఉంటే ఒక్క మందుల చీటీ అయినా దొరకలేదా? చికిత్స చేసిన డాక్టర్ ఇచ్చిన వివరణను ఎందుకు పక్కన పెట్టారు? ఆ ప్రతినిధి దగ్గర జవాబు లేదు. తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది, సొమ్ము కూడా వచ్చింది. గ్లౌజులు, సిరంజీలు వంటివాటికి కోత పెట్టగా మిగిలినది. బంగారం విడిపించుకున్నాం, వడ్డీ మా మీద పడింది.

గెలిచాం కదా అని చుట్టాలు అభినందించారు. నాకు మాత్రం గెలుపు అనిపించలేదు. నేను చదువుకున్నదాన్ని. ఇంగ్లీషులో ఉత్తరం రాయగలను, స్కాన్ చేసి పంపగలను, వేసవి సెలవులు కలిసివచ్చాయి. తాకట్టు పెట్టడానికి బంగారం ఉంది. ఇవేవీ లేనివారు ఏం కావాలి? మనిషి గుండెపోటు నుంచి తేరుకుంటున్న కాలమంతా ఆయన అబద్ధం చెప్పలేదని నిరూపించడానికే సరిపోయింది. రోజుకు రెండుసార్లు బీపీ చూసుకుని పుస్తకంలో రాసుకునేవారు, వైద్యం కోసం కాదు, రేపు ఎవరైనా అడుగుతారేమోనని. వైద్యాన్ని ఒక సరుకుగా కొనుక్కునే పద్ధతిలో రోగి ముందుగా అనుమానితుడవుతాడు. అది ఒక కంపెనీ చెడ్డతనం అనుకోను. చెల్లించకుండా మిగిల్చుకున్నదే లాభం అయ్యే వ్యాపారంలో ఎవరున్నా అటువైపే మొగ్గుతారు.

దీనికి మరో పక్క ఏముందో అదే ఏడాది అక్టోబరులో చూశాను. తెనాలిలో ఉంటున్న మా అక్క భర్త, మా బావగారు, దర్జీ. కాలితో తొక్కే మిషన్ మీదే బతుకు. స్కూటర్ మీదనుంచి పడి తుంటి ఎముక విరిగింది. వారికి ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, అయినా ఇళ్లలో అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే రాష్ట్రమంతటా నెట్‌వర్క్ ఆసుపత్రులు ప్రభుత్వం నుంచి రావలసిన బకాయిల కోసం పథకం కింద సేవలు ఆపేశాయి. అక్క వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో, "కార్డు మీద ఇప్పుడు చేయడం లేదమ్మా, డబ్బు కడితే రేపే చేస్తాం" అన్నారు. వారిని కూడా పూర్తిగా తప్పుపట్టలేను. నర్సులకు జీతాలు ఇవ్వాలి, మందుల కంపెనీకి కట్టాలి. బిల్లులు నెలల తరబడి ఆగితే ఏ ఆసుపత్రి అయినా ఎంతకాలం నడుస్తుంది? కానీ విరిగిన తుంటికి ఈ లెక్కలేవీ తెలియవు.

అక్క ఫోను చేసి ఏడ్చింది. "గుంటూరు తీసుకురా, పెద్దాసుపత్రికి వెళదాం" అన్నాను. బావగారు అంబులెన్సులో మూలుగుతూనే, "అక్కడికా, అమ్మాయీ?" అన్నారు. ఆ భయం నాకు తెలుసు. పిల్లల్ని కనడానికి కూడా అటు వెళ్లని ఇళ్లు మా వీధిలో చాలా ఉన్నాయి.

గుంటూరు జీజీహెచ్‌లో, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, కార్డు చూడకముందే ఎక్స్‌రే తీశారు. నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చి, కాలికి బరువు కట్టారు. ఆ తర్వాతే పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే వైద్యమిత్ర వచ్చి కార్డు వివరాలు రాసుకుని, ఫోటో తీసుకుంది. పదేళ్ల కిందటి జబ్బుల గురించి ఆమె అడగలేదు. ఈ పథకంలో ముందే ఉన్న జబ్బు అనే మినహాయింపు 2007లో మొదలైన నాటి నుంచీ లేదు. బావగారికి షుగర్ ఉంది. డాక్టర్లు దాని గురించి అడిగారు, మత్తు ఇవ్వడానికి తెలుసుకోవాలి కాబట్టి. ఒకే ప్రశ్న. ఒకచోట వైద్యం చేయడానికి అడుగుతారు, మరొకచోట డబ్బు ఎగ్గొట్టడానికి అడుగుతారు. ఆపరేషన్ జరిగింది. ఎముకల వార్డులో పక్క మంచం మీద పల్నాడు నుంచి వచ్చిన రైతు, అటు పక్క ఒంగోలు వైపు నుంచి వచ్చిన కుర్రాడు. ఆపరేషన్ బల్ల మీద ఎవరికీ ఆదాయ ధ్రువపత్రం లేదు. బావగారు వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, మిషన్‌కు మోటారు పెట్టించుకున్నారు.

ప్రభుత్వ ఆసుపత్రులన్నీ బాగున్నాయని నేను అనను. మరుగుదొడ్ల సంగతి, నర్సుల కొరత సంగతి ఈ రాష్ట్రంలో అందరికీ తెలుసు. అయినా ఒక విషయం ఆలోచించండి. గుంటూరు వైద్య కళాశాల పుట్టింది 1946లో. అదే ఏడాది, దేశంలో ఆరోగ్య వ్యవస్థ ఎలా ఉండాలో చెప్పడానికి వేసిన భోర్ కమిటీ తన నివేదిక ఇచ్చింది. డబ్బు చెల్లించలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదన్నది ఆ నివేదికకు పునాది. స్వాతంత్ర్యం ఇంకా రాకముందే రాసుకున్న మాట అది. ఆ కళాశాలకు అనుబంధంగా ఉన్న జీజీహెచ్‌లోనే 2016లో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది. చేతకాక కాదు, చేయించకపోవడమే లోటు. ప్రజారోగ్యం మీద ప్రభుత్వాల ఖర్చును 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి చేరుస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం, కోవిడ్ ఖర్చులు కలిపి కూడా, అది 1.84 శాతం. దేశంలో వైద్యానికి అయ్యే మొత్తం ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టేది 39.4 శాతం. 2013-14లో 64.2 శాతం ఉండేది కాబట్టి తగ్గిన మాట నిజమే. ఆ తగ్గుదలలో ప్రీమియాల వాటా తక్కువ, ప్రభుత్వం ఖర్చు పెంచడం వల్లే ఎక్కువగా వచ్చింది.

ఆరోగ్యశ్రీ సొమ్ము ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినా, జీజీహెచ్‌కు వెళ్లినా రోగికి చికిత్స జరుగుతుంది. కానీ జీజీహెచ్‌కు వెళ్లిన రూపాయి అక్కడే పరికరంగానో, మంచంగానో మిగులుతుంది. రేపు బకాయిల గొడవ వచ్చినా ఆ మంచం ఎక్కడికీ పోదు. అక్టోబరులో మా బావగారికి ఆధారమైంది అదే. మంగళగిరి ఎయిమ్స్‌కు మా అత్తయ్యను బీపీ పరీక్షలకు తీసుకెళుతున్నాం, ఓపీ చీటీ 10 రూపాయలు. అక్కడ వరసలో కూర్చున్నవారిలో ఉపాధ్యాయులూ, రైతులూ, బ్యాంకు ఉద్యోగులూ అందరూ ఉంటారు. వైద్యం బాగుంటే జనం తామే వస్తారు. బాగుండాలంటే అందరూ రావాలి కూడా. గొంతు ఉన్నవారంతా ప్రైవేటుకు వెళ్లిపోతే, ప్రభుత్వ వార్డులో నర్సు లేదని అడిగేవారు ఎవరు మిగులుతారు?

మేం పాలసీ మానేయలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ తీసేశారు, కొంత భారం తగ్గింది. గుండెకు స్టెంట్ పడ్డ మనిషికి కొత్త పాలసీ దొరకడం కష్టం కాబట్టి ఉన్నదాన్ని వదులుకునే ధైర్యం మాకు లేదు.

ఇప్పుడు నన్ను కలవరపెడుతున్నది వేరొకటి. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన కొత్త విధానం ప్రకారం, పథకంలో 2.5 లక్షల వరకు చికిత్సలు బీమా కంపెనీల ద్వారా నడుస్తాయి, ఆపైన 25 లక్షల దాకా పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు చూస్తుంది. అందరికీ వర్తింపజేస్తామంటున్నారు, అది సంతోషమే, మాలాంటివారికీ చోటు ఉంటుంది. కానీ నేను బీమా కంపెనీ క్వెరీ ఉత్తరం అందుకున్నదాన్ని. అలాంటి ఉత్తరం మా అక్క చేతికి వస్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. తుంటి విరిగిన మనిషిని పక్కన పెట్టుకుని ఆమె ఇంగ్లీషులో జవాబు రాయలేదు. అందుకే మా పాఠశాల ఉపాధ్యాయులం కొందరం కలిసి కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇచ్చాం. ముందే ఉన్న జబ్బు అనే కారణం ఈ పథకంలోకి ఏ రూపంలోనూ రాకూడదని అడిగాం. కంపెనీకి అనుమానం ఉంటే ఆసుపత్రితో తేల్చుకోవాలి గానీ, ఉత్తరం రోగి ఇంటికి రాకూడదని అడిగాం. ఏ ఆసుపత్రిలో ఎన్ని క్లెయిమ్‌లు, ఏ కారణంతో తిరస్కరించారో నెలనెలా తెలుగులో గోడమీద అంటించాలని అడిగాం. దాంతోపాటు జీజీహెచ్‌కు మరిన్ని పడకలు, నర్సుల పోస్టులు కావాలని కూడా రాశాం. అర్జీని వైద్య ఆరోగ్య శాఖకు పంపుతామన్నారు. జవాబు రాకపోతే మళ్లీ వెళతాం, ఈసారి తెనాలి నుంచి అక్క కూడా వస్తానంది.